నేస్తం పేరు చెప్పకూడదు

రాజకుమారి టీచరుకి పాడేరుకి ప్రమోషన్ వచ్చినప్పుడు మా ఆశ్రమ పాఠశాలలో వీడ్కోలు సభ పెట్టాం. రెండువేల తొమ్మిది, వానలు అప్పుడే మొదలయ్యాయి. పైనుంచి ఒక ఆఫీసరు గారు వచ్చారు. పిల్లల తల్లులు కూడా మాట్లాడాలని మైకు వాళ్ళకిచ్చారు. ఒకామె లేచి, "మా నేస్తం మంచిది" అని కూర్చుంది. ఇంకొకామె లేచి, "మా నేస్తం ఎల్లిపోతన్నాది" అని ఏడ్చింది. మూడో ఆమె కూడా నేస్తం అనే అంది. ఆఫీసరు గారు నవ్వుతూ మైకు అందుకుని, "ఇన్నేళ్ళు పనిచేసిన మేడం పేరు ఒక్కరికీ తెలీదా అమ్మా?" అన్నారు. ముందు వరసలో వాళ్ళు ఆయన్ని మెప్పించడానికి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. తెలియక కాదయ్యా బాబూ, తెలిసీ నోటితో అనకూడదు కాబట్టి అనలేదు! ఆ మాట అక్కడ చెప్పడానికి వీల్లేకపోయింది. ఇక్కడ చెబుతాను.

నా పేరు స్వర్ణ. ఆ బడిలోనే ఆడపిల్లలకి లెక్కలు చెప్పాను. మాది పాడేరు దగ్గర ఊరే, కాబట్టి నాకు కొండ కొత్త కాదు. రాజకుమారిది రాజమండ్రి టౌను. నాన్నగారు రైల్వేలో చేసేవారు. తొంభై నాలుగులో ఒక ట్రంకు పెట్టె, ప్రెషర్ కుక్కరు, దోమతెర పట్టుకుని ముంచింగిపుట్టు అవతల మా బడి ముందు జీపు దిగింది. అందరిలాగే ఆవిడా మూడేళ్ళు ఎలాగో గడిపేసి కిందకి దిగిపోదామనే వచ్చింది. ఆ మాట దాచుకోలేదు కూడా. మొదటి రోజే నాతో, "ఇక్కడ చలికి నా ఎముకలు నిలవవండీ స్వర్ణగారూ, ట్రాన్స్‌ఫర్‌కి ఎవర్ని పట్టుకోవాలి?" అని అడిగింది.

ఆవిడ కోపం ముక్కు మీదే ఉండేది. పప్పులో రాయి వస్తే వంటగదిలోకి వెళ్ళి గంటె విసిరేది. పిల్ల తలలో పేలు కనపడితే ఆ పిల్లని తిట్టి, తిడుతూనే ఒళ్ళో కూర్చోబెట్టుకుని దువ్వెన పెట్టేది. అలా దువ్వుతున్నప్పుడే పిల్లలు అన్నీ చెప్పేవాళ్ళు. ఇంట్లో ఎవరు తాగుతున్నారు, ఎవరికి జ్వరం, ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదు, అన్నీ. వార్డెన్ పని ఎవరికీ వద్దంటే హెడ్మాస్టరు గారు ఆవిడకి అంటగట్టారు. తిట్టుకుంటూ పుచ్చుకుంది.

సెలవులకి ఇంటికెళ్ళిన పిల్ల తిరిగి రాకపోతే మిగతా బళ్ళలో, "వస్తుందిలే, లేకపోతే పెళ్ళైపోయుంటుంది" అని ఊరుకునేవాళ్ళు. రాజకుమారి ఊరుకునేది కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డలు, అదే కొండవాగులు, దాటి, కొండెక్కి, ఆ ఇంటి అరుగు మీద కూర్చునేది. బాలల రక్షణ అని బ్యానర్ కట్టి, సమోసాలు పంచి, ఫోటో తీయించుకునే మీటింగులు తర్వాత చాలా చూశాను. ఆ రోజుల్లో బ్యానర్ లేదు. ఆవిడ కాళ్ళే ఉండేవి. అవి కూడా బొబ్బలెక్కి ఉండేవి.

తొంభై ఎనిమిది దసరా సెలవుల తర్వాత కనక రాలేదు. ఏడో తరగతి. ఎక్కాలు తప్పు చెప్పినా సరే గొంతెత్తి చెప్పే పిల్ల, అందుకే నాకు ఇష్టం. తండ్రి సుక్రు, తల్లి యర్రమ్మ. వాళ్ళకి కొండ వాలులో పసుపు, రాజ్మా చిక్కుళ్ళు, కొంచెం చోళ్ళు, అంటే రాగులు, పండేవి. బీదవాళ్ళే, కానీ పిల్లని పనికి పంపేంత కష్టంలో ఉన్నవాళ్ళు కాదు. రాజకుమారి ఒక్కతే వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చింది. వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉన్న రోజులు. వచ్చి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని నాతో అంది:

"స్నేహితురాలి ఇంటికి వెళ్ళిందటండీ. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందట. వాళ్ళమ్మ చెప్పింది."

నేను సరేనన్నాను. ఏడో తరగతి పిల్ల స్నేహితురాలి ఇంటికి వెళ్తే వింతేముంది? కానీ యర్రమ్మ స్నేహితురాలు అనలేదు. "నేస్తం ఇంటికి ఎల్లినాది" అంది. రాజమండ్రి టౌన్లో నేస్తం అంటే స్నేహితురాలే. ఆ మాటని రాజకుమారి దారిలోనే తన తెలుగులోకి మార్చేసుకుని, మార్చిన మాటే నాకు చెప్పింది. కొండ మీద ఒక అర్థంతో బయల్దేరిన మాట గెడ్డ దాటేసరికి ఇంకో అర్థం అయిపోయింది. అబద్ధం ఆడిన మనిషి ఒక్కరూ లేరు. అయినా పిల్ల పోయింది.

ఆ ఊళ్ళల్లో నేస్తం అంటే కబుర్లు చెప్పుకునే చుట్టరికం కాదు. ఇద్దరు మనుషులు ఊరి దేవత రాయి ముందు ఒకరికొకరు బట్ట పెట్టుకుని, ఒకరి చేతి అన్నం ఒకరు తింటే నేస్తం కట్టినట్టు. ఆ రోజు నుంచి ఇద్దరూ పోట్లాడుకోకూడదు. ఒకరు అడిగింది ఇంకొకరు లేదనకూడదు. ఒకరి పేరు ఇంకొకరు నోటితో అనకూడదు. తోడబుట్టినవాడితోనైనా పొలం గట్టు దగ్గర కలబడతారు గాని నేస్తంతో గొంతు పెంచరు.

నాలుగు రోజులు కాదు, కార్తీకం వెళ్ళిపోయింది. అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గర పడ్డాయి. ఈసారి రాజకుమారితో నేనూ వెళ్ళాను. సుక్రు ఇంటి ముందు చిక్కుడు కాయలు ఎండబెట్టి ఉన్నాయి. ఆయన మమ్మల్ని చూసి సంబరపడి, చాప వేసి, చోడి అంబలి తెచ్చి పెట్టాడు.

"స్నేహితురాలి పేరు చెప్పమ్మా, నేనే వెళ్ళి తీసుకొస్తాను" అంది రాజకుమారి.

యర్రమ్మ మొగుడి వైపు చూసింది. సుక్రు నేల చూపులు చూస్తూ, "సెప్పకూడదు టీచరమ్మా" అన్నాడు.

"ఎందుకు చెప్పకూడదు?"

"నేస్తం పేరు సెప్పకూడదు గదా."

నా చేతిలో అంబలి గిన్నె కింద పెట్టేశాను. "అన్నా, ఎవుల నేస్తం? కనక నేస్తమా, నీ నేస్తమా?" అని అడిగాను.

"నా నేస్తమే."

అప్పుడు బయటపడింది. ఆయన నేస్తం కొండ మనిషి కాడు. కింద మాడుగుల వైపు నుంచి సంతకి వచ్చి పసుపూ చిక్కుళ్ళూ కొనే షావుకారు. ఊరందరికీ తెలిసిన మనిషే. కోడలికి బిడ్డ పుట్టింది, ఎత్తుకోడానికి గుంటని, అంటే ఆడపిల్లని, నాలుగు రోజులు పంపమని అడిగాడట. నేస్తం అడిగాడు కాబట్టి ఈయన పంపాడు. పైసా పుచ్చుకోలేదు. పుచ్చుకుంటాడా, నేస్తం దగ్గర!

"మరి తిరిగి పంపమని అడగొచ్చు కదా?" అంది రాజకుమారి.

"ఇచ్చినది మళ్ళీ ఎలాగ అడుగుతారు టీచరమ్మా?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత మాకేదో మంచి కబురు చెబుతున్నట్టు, "కొడుకూ కోడలూ రాయపూరు ఎల్తారంట. పై సంత అయినాక. గుంట గూడా ఎల్తాది. రాయపూరంటే అరుకు అవతలేనా?" అన్నాడు.

రైల్వే మనిషి కూతురు కదా, రాయపూరు ఎక్కడుందో రాజకుమారికి బాగా తెలుసు. ఇంకో రాష్ట్రంలో, అడ్రస్ లేని ఇంట్లో, ఆ పిల్లని ఎవరు వెతుకుతారు? ఎవరు అడుగుతారు? ఆవిడ ముఖం ఎర్రబడింది. "కన్నతండ్రివేనా నువ్వు? పిల్లని ఇచ్చేస్తావా, చిక్కుడుకాయల బుట్ట ఇచ్చినట్టు?" అని అరిచింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. సుక్రుకి కోపం రాలేదు. ఏం తప్పు చేశాడో ఆయనకి నిజంగా అర్థం కాలేదు. అంబలి ఇంకొంచెం పొయ్యమని భార్యకి చెప్పాడు.

దిగేటప్పుడు గెడ్డ దగ్గర రాజకుమారి రాయి మీద కూలబడి ఏడ్చింది. "స్నేహితురాలు అని మీతో నేనే చెప్పాను. ఆవిడ చెప్పిన మాట చెప్పినట్టు చెప్పుంటే ఆ రోజే మీరు లేచుండేవారు కదండీ" అంది. ఉన్న మాటే అంది. ఆవిడ చెప్పులు నేను పట్టుకుని గెడ్డ దాటించాను.

మర్నాడే పోలీసుల దగ్గరకి వెళ్ళాం. అక్కడి ఎస్సై మర్యాదస్తుడే. "తండ్రి ఇష్టపడి పంపాడని మీరే అంటున్నారు కదా మేడం. ఆయన వచ్చి, ఫలానా మనిషి నా కూతుర్ని పంపడం లేదని పేరు చెప్పమనండి. అప్పుడే జీపు తీస్తాను" అన్నాడు. అక్కడి నుంచి షావుకారు సంతలకి వచ్చినప్పుడు దిగే ఇంటికి వెళ్ళాం. ఆయన పేరు వరహాలరావు. దుర్మార్గుడిలా ఉంటాడని వెళ్ళాను. ఛ, అలా లేడు. లేచి కుర్చీలు వేశాడు.

"ఏటి మేడంగారూ అలాగంటారు? నా నేస్తం కూతురంటే నా కూతురు కాదేటండీ? తిండికి లోటా, బట్టకి లోటా? మా నేస్తాన్నొచ్చి ఓ మాట అడగమనండి, ఇప్పుడే పంపించెత్తాను."

సుక్రు రాడని ఆయనకి తెలుసు. అందుకే అంత తియ్యగా అన్నాడు. ఊరికొక నేస్తం కట్టుకున్నాడు ఆయన. తూకం దగ్గర నేస్తంతో ఎవరూ పేచీ పెట్టరు, ఇంకో షావుకారు దగ్గరకి పోరు. కొండవాళ్ళ ఆచారంలో పుచ్చుకునే సగం శ్రద్ధగా నేర్చుకున్నాడు, ఇచ్చే సగం వదిలేశాడు. ఎటు తిరిగినా వ్యవహారం సుక్రు నోటి దగ్గరకే వచ్చి ఆగింది.

సంతకి ముందు రోజు మళ్ళీ కొండెక్కాం. ఈసారి రాజకుమారి అరవలేదు. సుక్రు ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగింది: "నేస్తం తెగాలంటే ఏం చెయ్యాలి?"

ఆయన అదిరిపడ్డాడు. "నలుగుర్లో పేరెట్టి పిలిత్తే తెగిపోద్ది. మా తాతల్నాడు గూడా అలాగ ఎవులూ సెయ్యలేదు" అన్నాడు.

"రాయపూరు అరుకు అవతల కాదు సుక్రూ. రైలెక్కి పోవాలి. అక్కడ నీ మాట ఒక్కడికీ రాదు. కనక మళ్ళీ నీకు కనపడదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు."

అప్పటిదాకా పొయ్యి దగ్గర ఉన్న యర్రమ్మ బయటకి వచ్చింది. "నేస్తం కట్టినది నువ్వు. గుంటని కన్నది నాను. నన్నెవులడిగేరు?" అంది. ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అని ఉండరు. అనేసి లోపలికి పోయింది. సుక్రు రేపు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మేం దిగిపోయాం.

సంత రోజు మంచు విడవకముందే వెళ్ళి నిలబడ్డాం. వరహాలరావు టార్పాలిన్ కింద కాటా వేలాడదీసి తూకాలు మొదలుపెట్టాడు. బుట్టలు దించుకుని జనం వరసగా కూర్చున్నారు. సుక్రు వచ్చాడు, వెనక యర్రమ్మ. అమ్మడానికి ఏమీ తేలేదు. తిన్నగా వచ్చి కాటా ముందు నిలబడ్డాడు.

"రా నేస్తం, కూకో, టీ తాగు" అన్నాడు షావుకారు.

సుక్రు కూర్చోలేదు. పెదాలు కదులుతున్నాయి. రాజకుమారి నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ గాజులు నొక్కుకుని నాకు నొప్పి పుట్టింది. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళిపోయినా తిట్టడానికి నాకు నోరు రాదు.

"వరాలరావు" అన్నాడు సుక్రు.

నోరు తిరగలేదు. గొంతు సవరించుకుని ఈసారి గట్టిగా, అక్షరం అక్షరం అన్నాడు: "వరహాలరావూ! నా గుంటని నాకిచ్చీ."

బుట్టల దగ్గర కూర్చున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. షావుకారు నవ్వి, "ఏటైంది నేస్తం, పొద్దున్నే పట్టించీసేవా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కాటాలో చిక్కుళ్ళు పోసి ఉన్న ముసలామె వాటిని మళ్ళీ తన బుట్టలో ఒంపుకుంది. ఆమె పక్కనున్నవాడు లేచాడు. తిట్లు లేవు, కేకలు లేవు. ఒకరి తర్వాత ఒకరు బుట్టలెత్తుకుని పక్క షావుకారు దగ్గరకి వెళ్ళి కూర్చున్నారు. వరహాలరావు, "రండ్రా, ఏటది, రండి!" అని కాసేపు పిలిచాడు. తర్వాత ఖాళీ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎండ ఎక్కకముందే మా దగ్గరకొచ్చి, పిల్లని రెండు రోజుల్లో తెచ్చి దింపుతానని చెప్పాడు. మనసు మారిందని కొందరన్నారు, పోలీసులకి భయపడ్డాడని కొందరన్నారు. నన్నడిగితే, చిక్కుళ్ళ కోసం!

ఆ తర్వాత రాజకుమారి ట్రాన్స్‌ఫర్ మాట ఎత్తలేదు. ఆవిడ చేసిన పని చూసి మొదట నేను నవ్వాను. ఊరూరా తిరిగి, ఊరికొక తల్లితో నేస్తం కట్టింది. దేవత రాయి ముందు కూర్చుని, చీర పెట్టి, ఆమె చేతి అన్నం తినేది. కట్టగానే ఆవిడ అడిగేది ఒకటే: "నీ గుంట పదో తరగతి అయ్యేదాకా నాది." నేస్తం అడిగితే లేదనకూడదు కదా! అప్పట్నుంచి మేనమామ అడిగినా, షావుకారు అడిగినా, పెళ్ళి సంబంధమని ఇంకెవరొచ్చినా, ఆ తల్లులకి చెప్పుకోడానికి ఒక మాట దొరికింది: "మా నేస్తం ముందే అడిగీసింది." ఎవరి మనసూ కష్టపెట్టకుండా పిల్లని బళ్ళో ఉంచుకునే దారి అది. అన్నిచోట్లా పనిచేసిందని చెప్పను. ఒకామె నేస్తం కట్టి కూడా కూతుర్ని పంపేసింది. ఆ పిల్ల ఏమైందో మాకు ఇప్పటికీ తెలీదు. రాజకుమారి ఆమెతో గొడవ పడలేదు, పడకూడదు కూడా. వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చుని వచ్చేది.

కొత్తగా వచ్చిన టీచర్లకి ఆవిడ చెప్పేది కూడా ఒకటే. "పిల్లగానీ తల్లిగానీ ఏ మాట అంటే ఆ మాటే నాకు తెచ్చి చెప్పండి. మీ తెలుగులోకి మార్చారో, ఊరుకోను." నిజంగానే ఊరుకునేది కాదు. గంటె విసరడం ఒకటే తగ్గించింది.

కనక వచ్చిన రోజు సంగతి మిగిలింది.

సంతైన మూడో నాడు షావుకారు స్వయంగా జీపులో తెచ్చి బడి దగ్గర దింపి వెళ్ళాడు. పిల్ల చిక్కిపోయింది. సబ్బు నీళ్ళకి చేతులు పగిలి, వేళ్ళ సందులు పాసిపోయి ఉన్నాయి. రాజకుమారి ఆ చేతులు తిప్పి తిప్పి చూసింది. అన్నం పెట్టి, కొబ్బరినూనె రాసి, నన్ను కూడా రమ్మని ఊరికి బయల్దేరదీసింది. దారి పొడుగునా పిల్ల మా ముందే నడిచింది. ఊరు కనపడేసరికి పరిగెత్తింది.

ఇంటి ముందు ఆగిపోయింది. సుక్రు గుండు గీయించుకుని, తడి పంచెతో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. గుమ్మం పక్కన పాత కుండలు పగలగొట్టి పారేసి ఉన్నాయి. లోపల యర్రమ్మ కొత్త కుండలో వండుతోంది. చావు మైల విడిచే రోజు ఆ ఊళ్ళో చేసేవి అవి.

"నాన్నా, ఎవులు సచ్చిపోనారు?" అంది కనక.

సుక్రు కూతుర్ని దగ్గరకి లాక్కున్నాడు. ఆ పగిలిన చేతులు చూశాడు.

"నా నేస్తం" అన్నాడు.

పిల్ల తెల్లబోయి మా వైపు చూసింది, మళ్ళీ తండ్రి వైపు చూసింది. "పొద్దున్న నన్ను జీపెక్కించి తెచ్చినాడు గదా? బాగానే ఉన్నాడు గదా?"

"ఆడు వరహాలరావు" అన్నాడు సుక్రు. "నా నేస్తం సచ్చిపోనాడు."

అని, కూతురి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు.